గేమింగ్ ఖాతాల్లో మారువేషపు మోసాలు: గుర్తించే తీరు, పోయిన ఖాతాను రాబట్టుకునే తీరు

ఆన్‌లైన్ ఆటల ఖాతాలను కాజేసేవారిలో ఎక్కువమంది కంపెనీ సర్వర్ల జోలికి వెళ్లరు. మీరు నమ్మే మరొకరిలా మీ ముందుకు వస్తారు. ఆ మరొకరు మీ స్నేహితుల జాబితాలోని ఆటగాడు కావచ్చు, ఆట కంపెనీ ఉద్యోగి కావచ్చు, లేదా కంపెనీ సపోర్ట్ విభాగం ముందు సాక్షాత్తూ మీరే కావచ్చు. ఈ వేషాలన్నింటిలోనూ ఒక కదలిక ఉమ్మడిగా కనిపిస్తుంది: ఎదుటివారు ఎవరో తేల్చుకునే వీలున్న చోటు నుంచి, ఆ వీలు లేని చోటికి సంభాషణను మళ్లించడం. మోసాన్ని ముందే పసిగట్టాలన్నా, పోయిన ఖాతాను రాబట్టుకోవాలన్నా ఆ కదలికపైనే కన్నేసి ఉంచాలి.

పొరపాటున మీ మీద రిపోర్ట్ కొట్టాను

కంప్యూటర్ ఆటలు కొని ఆడుకునే స్టీమ్ వేదికపై కొన్నేళ్లుగా నడుస్తున్న ఈ నాటకాన్ని కాస్త వివరంగా చూడటం అవసరం, ఎందుకంటే ఇతర ఆటల్లో కనిపించే మోసాలు చాలావరకు దీనికి రూపాంతరాలే. స్నేహితుల జాబితాలోని ఒకరి నుంచి గానీ, ఈమధ్యే పరిచయమైన ఆటగాడి నుంచి గానీ ఒక సందేశం వస్తుంది. ఎవరో తన స్కిన్లు (ఆటలో ఆయుధాలకూ పాత్రలకూ వేసే అలంకరణలు) దొంగిలించారనీ, ఆ దొంగ మీరే అనుకుని పొరపాటున మీ ఖాతాపై ఫిర్యాదు చేశాననీ, కొద్ది గంటల్లో మీ ఖాతా శాశ్వతంగా మూతపడబోతోందనీ అతను చెబుతాడు. పదేపదే క్షమాపణ కోరతాడు. తాను ఇప్పటికే స్టీమ్ అధికారితో మాట్లాడాననీ, మీరు కూడా ఆటగాళ్లు ఎక్కువగా వాడే డిస్కార్డ్ చాట్ యాప్‌లో ఆయనకు ఒక మాట రాస్తే ఫిర్యాదు రద్దయిపోతుందనీ అంటూ ఒక పేరు ఇస్తాడు. ఆ పేరుతో ఉన్న ఖాతాకు కంపెనీ చిహ్నం, గంభీరమైన హోదా, కొన్నిసార్లు ఉద్యోగి గుర్తింపు కార్డు ఫొటో కూడా ఉంటాయి. ఆ అధికారి మీ ఖాతాను పరిశీలిస్తున్నట్టు కాసేపు నటించి, ఆ తర్వాత అసలు విషయానికి వస్తాడు: ఖాతా ఈమెయిల్‌ను తాను చెప్పిన చిరునామాకు మార్చమంటాడు, లేదా ఫోన్‌కు వచ్చిన కోడ్ చదివి చెప్పమంటాడు, లేదా మీ వస్తువులు అసలైనవో కావో తనిఖీ చేయడానికి వాటిని మరో ఖాతాకు పంపమంటాడు, లేదా గిఫ్ట్ కార్డులు కొని వాటి నంబర్లు ఇవ్వమంటాడు.

ఈ నాటకానికి బలం భయం వల్ల కన్నా మర్యాద వల్ల ఎక్కువగా వస్తుందని నా అభిప్రాయం. బెదిరించేవాడిని అనుమానించడం మనకు అలవాటే. తప్పు ఒప్పుకుని, దాన్ని దిద్దడానికి మన పక్కన నిలబడినట్టు కనిపించే మనిషిని అనుమానించడం మాత్రం మొహమాటంగా ఉంటుంది. సంభాషణ నడుస్తున్నంతసేపూ అతను పక్కనే ఉండి, అధికారి అడిగినదల్లా తాను కూడా ఇచ్చాననీ, తన ఖాతా సమస్య అలాగే తీరిందనీ చెబుతూ ఉంటాడు. చాలా సందర్భాల్లో ఆ స్నేహితుడూ అధికారీ ఒకే మనిషి లేదా ఒకే ముఠా.

దీన్ని తెంచడానికి తెలియాల్సిన విషయాలు కొన్నే. ఒక ఆటగాడు ఫిర్యాదు చేసినంత మాత్రాన ఎవరి ఖాతా మూతపడదు. ఫిర్యాదు చేసినవాడి మాటపై అది రద్దు కావడమన్న పద్ధతి కూడా లేదు. స్టీమ్ సపోర్ట్ మీతో మాట్లాడేది దాని సొంత సపోర్ట్ సైట్‌లో, మీరు లాగిన్ అయి తెరిచిన టికెట్‌లోనే (రాతపూర్వక ఫిర్యాదులోనే) తప్ప డిస్కార్డ్‌లోనూ, స్టీమ్ చాట్‌లోనూ కాదు. ఏ పెద్ద గేమింగ్ కంపెనీ ఉద్యోగీ మీ పాస్‌వర్డ్‌నూ, లాగిన్ కోడ్‌నూ అడగడు. తనిఖీ పేరుతో మీ వస్తువులను మరో ఖాతాకు పంపమనడు. అందువల్ల ఎదుటి మనిషి నిజమైన అధికారేనా అని తర్కించుకుంటూ కూర్చోవడం కన్నా, సంభాషణ వదిలేసి, ఆట యాప్‌లో నుంచో లేదా మీరే చిరునామా టైప్ చేసి తెరిచిన అధికారిక సైట్‌లో నుంచో సపోర్ట్ పేజీకి వెళ్లి చూడటం మేలు. నిజంగా ఏదైనా ఆంక్ష ఉంటే అది అక్కడ కనిపిస్తుంది.

పేరు, ఫొటో, గుర్తింపు సంఖ్య

కనిపించే పేరు, ప్రొఫైల్ ఫొటో ఎవరైనా కాపీ చేసుకోగలిగినవి. డిస్కార్డ్ 2023లో పేరు చివరి నాలుగంకెల సంఖ్యను తొలగించి, ఎవరికి వారికి ప్రత్యేకమైన యూజర్‌నేమ్ ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే చాట్‌లో పెద్దగా కనిపించేది డిస్‌ప్లే నేమ్ మాత్రమే, దాన్ని ఎంతమందైనా ఒకేలా పెట్టుకోవచ్చు. యూజర్‌నేమ్‌లో కూడా ఒక అక్షరం రెట్టించడం, చుక్కో అడ్డగీతో చేర్చడం, ఇంగ్లీషు చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టడం వంటి కిటుకులు ఉంటాయి. వీటిని కంటితో పట్టుకోవడం కష్టం కాబట్టి ఆ పందెం ఆడకండి. ప్రతి స్టీమ్ ఖాతాకూ మారని 17 అంకెల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది. డిస్కార్డ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేస్తే అలాంటి సంఖ్యనే కాపీ చేసుకోవచ్చు. తరచూ ట్రేడ్ చేసే (ఆట వస్తువులు ఇచ్చిపుచ్చుకునే) స్నేహితుల సంఖ్యలను ఒకసారి రాసి పెట్టుకుంటే, అనుమానం వచ్చినప్పుడు పోల్చి చూడటం క్షణాల పని. అంతకన్నా సులువైన పద్ధతి మరొకటి ఉంది: వచ్చిన సందేశంలో కాకుండా, మీ జాబితాలో ఆ స్నేహితుడితో జరిగిన పాత సంభాషణను తెరిచి అక్కడ పలకరించండి. అసలు మనిషికి ఏ సంగతీ తెలియదని అక్కడే బయటపడుతుంది.

ఇదంతా నకిలీ ప్రొఫైల్ విషయం. స్నేహితుడి ఖాతానే దొంగ చేతికి చిక్కినప్పుడు గుర్తింపు సంఖ్య సరిగ్గానే ఉంటుంది, పాత సంభాషణలూ ఉంటాయి. మనిద్దరికే తెలిసిన సంగతి ఏదైనా అడిగి పరీక్షిద్దామని కొందరు అనుకుంటారు కానీ, దొంగ ఆ పాత సంభాషణలు చదవగలడు కాబట్టి ఆ పరీక్షకు పెద్దగా విలువ లేదు. ఫోన్ చేసి గొంతు వినండి, లేదా ఆటకు సంబంధం లేని మరో మార్గంలో అడగండి. ఎప్పుడూ రాసే భాష మారడం, మామూలు పలకరింపు లేకుండా నేరుగా లింక్‌కో ఓటుకో డబ్బుకో దిగిపోవడం, కాల్ చేస్తానంటే మైక్ పాడైందనడం దాదాపు ప్రతిసారీ కనిపించే ఆనవాళ్లు.

లాగిన్ విండో, కోడ్, ఫైల్

నమ్మకం కుదిరాక దొంగకు కావలసినది మీ ఖాతాలోకి దారి. తన జట్టుకు ఓటు వేయమని, టోర్నమెంట్‌లో పేరు నమోదు చేసుకోమని, డిస్కార్డ్ చెల్లింపు చందా అయిన నైట్రోను ఉచితంగా అందుకోమని ఇచ్చే లింక్‌లో స్టీమ్ ద్వారా లాగిన్ అవ్వండి అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే ఒక చిన్న విండో తెరుచుకుంటుంది. దాని పైభాగంలో అసలైన స్టీమ్ చిరునామా, తాళం గుర్తు కూడా కనిపిస్తాయి. అది నిజంగా విండో కాకపోవచ్చు. ఆ వెబ్‌పేజీలోనే విండోలా గీసిన బొమ్మ కావచ్చు. 2022 నుంచి విరివిగా వాడుతున్న ఈ పద్ధతికి ఒక చిన్న పరీక్ష ఉంది: కంప్యూటర్‌లో ఆ విండోను పట్టుకుని బ్రౌజర్ అంచు దాటి బయటకు లాగండి. నిజమైన విండో బయటకు వస్తుంది, బొమ్మ అంచు దగ్గర ఆగిపోతుంది. పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవారికి మరో ఆనవాలు ఉంది: సైట్ చిరునామా సరిపోలనప్పుడు అది పాస్‌వర్డ్‌ను తనంతట తాను నింపదు. అలా నింపనప్పుడు చేత్తో కాపీ చేసి పెట్టకండి, ఎందుకు నింపలేదో చూడండి. డిస్కార్డ్ సర్వర్‌లో (ఒక చర్చా బృందంలో) చేరడానికి ధ్రువీకరణ అంటూ చూపే క్యూఆర్ కోడ్‌ను డిస్కార్డ్ యాప్‌తో స్కాన్ చేసి అనుమతిస్తే, అది దొంగ కంప్యూటర్‌లో మీ ఖాతాను తెరిచి ఇవ్వడమే అవుతుంది.

మైన్‌క్రాఫ్ట్ ఆటగాళ్లకు ఎదురయ్యేది కోడ్ మోసం. అలాంటి సర్వర్‌లోని ధ్రువీకరణ బాట్ (తనంతట తాను నడిచే ప్రోగ్రామ్) మీ ఆట పేరు, ఈమెయిల్ అడిగి, ఈమెయిల్‌కు వచ్చిన అంకెలను నమోదు చేయమంటుంది. ఆ అంకెలు బాట్ పంపినవి కావు, మీ ఖాతాలోకి దూరడానికి దొంగ ప్రయత్నించినప్పుడు మైన్‌క్రాఫ్ట్ లాగిన్‌ను చూసే మైక్రోసాఫ్ట్ మీకు పంపినవి. ఇక్కడ పోయేది లాగిన్ ఒక్కటే కాదు. ఖాతాకు ముడిపడిన పాత ఈమెయిల్, ఫోన్ వంటి భద్రతా వివరాలతో ధ్రువీకరించలేనివారు వాటన్నింటినీ మార్చాలంటే మైక్రోసాఫ్ట్ 30 రోజులు ఆపుతుంది. ఆ గడువులో అసలు యజమాని ఆ మార్పును రద్దు చేసుకోవచ్చు. కోడ్‌ను మీరే అందిస్తే ఆ రక్షణ దాదాపు చేజారినట్టే.

నేను తయారు చేసిన ఆటను ఒకసారి ఆడి చూడవా అంటూ వచ్చే ఫైళ్లు వీటికన్నా ప్రమాదకరం. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైల్ పంపారంటే, లోపల ఏముందో యాంటీవైరస్ చూడకుండా ఉండటానికే అలా పంపారని అనుకోవచ్చు. లోపలి ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో నిల్వ ఉన్న లాగిన్ కుకీలను, డిస్కార్డ్ టోకెన్‌ను (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని చెప్పే గుర్తులను) దొంగకు చేరవేస్తుంది. వాటితో పాస్‌వర్డ్, రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు కోడ్ కూడా అడిగే ఏర్పాటు) రెండూ అవసరం లేకుండానే మీ ఖాతా తెరుచుకుంటుంది. రోబ్లాక్స్‌లో పిల్లల చేతనే ఆ కుకీని కాపీ చేయించి పంపించుకునే మోసగాళ్లు ఉన్నారు. ఆ కుకీ పాఠమే, దీన్ని ఎవరితోనూ పంచుకోవద్దు, పంచుకుంటే వారు మీలా లాగిన్ అయి రోబక్స్ (ఆ ఆటలో వాడే డబ్బు), వస్తువులు దొంగిలించగలరు అన్న ఇంగ్లీషు హెచ్చరికతో మొదలవుతుంది. కాపీ చేసేటప్పుడు దాన్ని చదివేవారు ఎంతమందో!

స్టీమ్‌లో ట్రేడ్ చేసేవారికి తెలియాల్సిన మరో వేషం ఉంది. నకిలీ లాగిన్ పేజీ ద్వారా దొరికిన ప్రవేశంతో దొంగ మీ ఖాతా పేరున వెబ్ ఏపీఐ కీ (ఖాతా ట్రేడ్లను ప్రోగ్రామ్ ద్వారా చూసే, నడిపే అనుమతి) ఒకటి సృష్టించుకుని నిశ్శబ్దంగా కాచుకుని ఉంటాడు. మీరు ఒక స్నేహితుడికి ట్రేడ్ పంపగానే బాట్ దాన్ని రద్దు చేసి, అదే పేరు, అదే ఫొటో ఉన్న మరో ఖాతాతో అచ్చం అలాంటి ట్రేడ్‌నే మీ ముందు పెడుతుంది. ఫోన్‌లో మీరే దాన్ని నిర్ధారిస్తారు. నిర్ధారణ తెరపై కనిపించే అవతలి ఖాతా స్థాయిని, చేరిన తేదీని చదవడమే ఇక్కడ మిగిలిన అడ్డుకట్ట.

మీ వేషంలో సపోర్ట్ ముందుకు

ఈ రకం మోసంలో మీరు ఏ తప్పూ చేయకపోవచ్చు. 2022 జనవరిలో ఈఏ కంపెనీ, ఫిఫా 22 ఫుట్‌బాల్ ఆటలో పేరున్న ట్రేడర్ల ఖాతాలు 50 లోపు ఇలా చేజారాయని ఒప్పుకుంది. దుండగులు కస్టమర్ సపోర్ట్ సిబ్బందిని మభ్యపెట్టి, ఒత్తిడి చేసి రెండంచెల భద్రతను దాటేశారు. 2025 జనవరిలో పాత్ ఆఫ్ ఎగ్జైల్ 2 తయారీదారులైన గ్రైండింగ్ గేర్ గేమ్స్, తమ అడ్మిన్ (నిర్వాహక) ఖాతాకు ముడిపడి ఉన్న ఒక పాత స్టీమ్ ఖాతాను దుండగుడు స్టీమ్ సపోర్ట్ ద్వారానే చేజిక్కించుకుని 66 మంది ఆటగాళ్ల ఖాతాల్లోకి ప్రవేశించాడని వెల్లడించింది. ఆట తయారు చేసినవారికే తప్పనిది మనకు తప్పుతుందని అనుకోలేం. మన చేతిలో ఉన్నది, సపోర్ట్ సిబ్బంది రుజువుగా అంగీకరించే వివరాలను బయట పెట్టకపోవడం: కొనుగోలు రసీదుల స్క్రీన్‌షాట్లు, ఆర్డర్ సంఖ్యలు, కార్డు చివరి నాలుగంకెలు, ఖాతా ఈమెయిల్, వాడకుండా వదిలేసినా ఇంకా లింక్ అయి ఉన్న పాత ఖాతాలు.

ఖాతా పోయిందని తెలిసిన మొదటి గంట

మొదట పాస్‌వర్డ్ మార్చడం సహజమైన స్పందన, కానీ చాలాసార్లు అది సరైన మొదటి మెట్టు కాదు. మీరు ఏదైనా ఫైల్ నడిపి ఉంటే, అదే కంప్యూటర్‌లో కొత్త పాస్‌వర్డ్ టైప్ చేయడం దొంగ ఇంట్లో ఉండగానే తాళం మార్చి కొత్త తాళంచెవిని అతని ముందే పెట్టడంతో సమానం. ఆ కంప్యూటర్‌కు నెట్ తీసేసి, ఫోన్ నుంచో మరో శుభ్రమైన పరికరం నుంచో పని మొదలుపెట్టండి.

మొదట ఈమెయిల్ సంగతి చూడండి. ఆట ఖాతాను ఎన్నిసార్లు రాబట్టుకున్నా, ఈమెయిల్ దొంగ చేతిలో ఉంటే అతను మళ్లీ తీసుకుంటాడు. ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్ చేసి, రికవరీ ఫోన్ నంబర్ మీదేనా అని చూసి, ఆ తర్వాత చాలామంది మరిచిపోయే చోటికి వెళ్లండి: ఫిల్టర్లు, ఫార్వర్డింగ్. ఆట కంపెనీ నుంచి వచ్చే ఉత్తరాలు మీ కంట పడకుండా నేరుగా చెత్తబుట్టలోకి వెళ్లేలా దొంగ అక్కడ నియమం పెట్టి ఉండవచ్చు. ట్రాష్, స్పామ్ ఫోల్డర్లు కూడా వెతకండి. మీ ఈమెయిల్ మారింది, ఇది మీరు చేసింది కాకపోతే ఇక్కడ తెలపండి అన్న కంపెనీ ఉత్తరం దొరికితే ఖాతాను రాబట్టుకునే పని చాలా తేలికవుతుంది. అయితే ఆ ఉత్తరం కూడా నకిలీది కావచ్చు కాబట్టి, పంపిన చిరునామాను పూర్తిగా చూశాకే లింక్ తెరవండి.

ఖాతాలోకి ఇంకా వెళ్లగలిగితే, కొత్త పాస్‌వర్డ్ పెట్టి, వెంటనే అన్ని సెషన్లనూ (ఇతర పరికరాల్లో తెరిచి ఉన్న లాగిన్లను) రద్దు చేయండి. డిస్కార్డ్‌లో పాస్‌వర్డ్ మారిస్తే పాత టోకెన్ చెల్లకుండా పోతుంది. స్టీమ్‌లో అనుమతి పొందిన పరికరాలన్నింటినీ తొలగించి, వెబ్ ఏపీఐ కీ పేజీలో మీకు తెలియని కీ ఉంటే రద్దు చేయాలి. పాస్‌వర్డ్ మార్చడంతో సరిపెట్టుకుని ఆ కీని వదిలేసినవారి తర్వాతి ట్రేడ్ కూడా దారి తప్పవచ్చు. లింక్ చేసిన ఇతర ఖాతాలు, అనుమతి ఇచ్చిన యాప్‌లు, నిల్వ ఉన్న కార్డు వివరాలు ఒకసారి పరిశీలించండి. ఆ తర్వాత, కోడ్‌లు సృష్టించే ఆథెంటికేటర్ యాప్‌తో రెండంచెల భద్రత పెట్టి, బ్యాకప్ కోడ్‌లను కాగితంపై రాసి పెట్టుకోండి. సిమ్‌ను మోసంతో మరొకరు తమ పేరున తీసుకునే అవకాశం ఉంది కాబట్టి, ఎస్ఎంఎస్ కన్నా యాప్ మేలు. ఎపిక్ గేమ్స్ 2018లో ఫోర్ట్‌నైట్ ఆటగాళ్లకు, రెండంచెల భద్రత పెట్టుకుంటే ఒక డాన్స్ ఉచితమని ప్రకటించింది. వంద హెచ్చరికల కన్నా ఆ డాన్స్ మాటే పిల్లల చెవికి బాగా ఎక్కి ఉంటుందని నా నమ్మకం.

ఇదే గంటలో స్నేహితులకు కబురు చేయండి. దొంగ తర్వాతి వేషం మీదే. ఖాతా నా చేతిలో లేదు, దాని నుంచి వచ్చే లింక్ తెరవకండి, కోడ్ ఇవ్వకండి అని ఆటకు బయటి మార్గంలో చెప్పండి, వీలైనంతమంది చేత ఆ ఖాతాపై రిపోర్ట్ చేయించండి. మీ ఖాతా పదిలంగానే ఉండి, మీ పేరు, ఫొటోతో మరొకరు నకిలీ ప్రొఫైల్ నడుపుతున్నా చేయాల్సింది ఇదే. ఆ ఫిర్యాదులో నకిలీ ప్రొఫైల్ పేరు కాకుండా దాని గుర్తింపు సంఖ్య ఇవ్వండి, ఎందుకంటే పేరు ఏ క్షణమైనా మారుతుంది.

లోపలికి వెళ్లలేకపోతే

అధికారిక సపోర్ట్ సైట్‌లో ఖాతా దొంగతనానికి ప్రత్యేకంగా ఉన్న విభాగంలో టికెట్ తెరవండి. కొత్త ఈమెయిల్ నుంచి రాయాల్సి వచ్చినా ఫరవాలేదు. కంపెనీకి కావలసింది మీ ఆవేదన కన్నా రుజువులు: మొదట ఖాతా తెరిచిన ఈమెయిల్, ఎప్పుడు తెరిచారు, అసలు కొనుగోలు రసీదులు, చెల్లింపు పద్ధతి, డిస్క్‌తో వచ్చిన ఉత్పత్తి కీ, పాత యూజర్‌నేమ్‌లు, ఖాతా చేజారిన తేదీ, సమయం. వరుసగా, క్లుప్తంగా, నిజం మాత్రమే రాయండి. ఖాతాను ఎవరి దగ్గరైనా కొని ఉంటే, లేదా ఎవరితోనైనా పంచుకుని ఉంటే దాచకండి. సర్వర్ రికార్డుల్లో అది ఎలాగూ కనిపిస్తుంది, పైగా కొన్న ఖాతాకు మొదటి యజమాని మీరు కాదు కాబట్టి రికవరీ హక్కు చాలా వేదికల్లో మీకు దక్కదు. ఒకే విషయానికి పది టికెట్లు తెరిస్తే పని వేగంగా సాగదు. ఉన్న టికెట్‌కే అదనపు వివరాలు జతచేయండి. మోసగాడితో జరిగిన సంభాషణను తుడిచేయకముందే స్క్రీన్‌షాట్లు తీసి, అతని ప్రొఫైల్ లింక్, గుర్తింపు సంఖ్య, డబ్బు పంపి ఉంటే లావాదేవీ వివరాలు భద్రపరచండి. డబ్బు పోయినప్పుడు ఆట కంపెనీ సమాధానం కోసం ఆగకుండా బ్యాంకుకూ, మీ దేశపు సైబర్ నేరాల విభాగానికీ అదే రోజు తెలియజేయాలి.

ఏది తిరిగి వస్తుంది, ఏది రాదు

ఖాతా తిరిగి రావడం వేరు, అందులోని వస్తువులు తిరిగి రావడం వేరు. మోసపోయి ట్రేడ్ చేసిన వస్తువులను తిరిగి ఇవ్వబోమని స్టీమ్ విధానం స్పష్టంగా చెబుతుంది. కౌంటర్-స్ట్రైక్ 2 వస్తువులకు మాత్రం 2025 జులైలో ఒక మినహాయింపు వచ్చింది: ట్రేడ్ జరిగిన 7 రోజుల్లోగా దాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు. అయితే ఆ గడువులో ఉన్న ట్రేడ్లన్నీ కలిపే వెనక్కి వస్తాయి, ఒకదాన్ని ఎంచుకోలేరు. ఖాతాపై 30 రోజుల ట్రేడ్ నిషేధం కూడా పడుతుంది. రోబ్లాక్స్‌లో పోయిన వస్తువుల కోసం ఖాతా చేజారిన 30 రోజుల్లోగా సపోర్ట్‌కు రాయాలి. ఈ గడువుల వల్లే రేపు చూద్దామన్న ఆలోచన ఖరీదైనది. దొంగ మీ కార్డుతో చేసిన కొనుగోళ్ల విషయంలో బ్యాంకుకు వెంటనే చెప్పినా, డబ్బు వెనక్కి అడిగే వివాదం మాత్రం మొదట ఆట కంపెనీకి రాశాకే నమోదు చేయండి. బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి లాగితే స్టీమ్‌తో సహా పలు వేదికలు ఖాతానే నిలిపివేస్తాయి.

సహాయం కోసం మీరు ఎక్కడ గోడు వెళ్లబోసుకున్నా, ఖాతాను నేను తెచ్చి ఇస్తాను అంటూ కొత్త మనుషులు సందేశాలు పంపుతారు. కొందరు ఎథికల్ హ్యాకర్లమంటారు, కొందరు కంపెనీలో పరిచయాలున్నాయంటారు. ముందుగా రుసుము, లేదా మీ ఈమెయిల్ కోడ్ అడుగుతారు. ఇది ఇంతకుముందు చూసిన అధికారి వేషమే. కంపెనీ సపోర్ట్ తప్ప మరెవరూ ఆ ఖాతాను చట్టబద్ధంగా మీకు తిరిగి ఇవ్వలేరు.

ఖాతా చేతికి వచ్చాక అనుమానిత కంప్యూటర్‌ను పూర్తిగా తుడిచి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే వరకు అందులో లాగిన్ కాకండి. స్నేహితుల జాబితాలో ఆ రోజుల్లో కొత్తగా చేరిన పేర్లను తొలగించండి. దొంగ తన మరో ఖాతాను అక్కడ వదిలి వెళ్లడం మామూలే. బ్లాక్ చేసిన వారి జాబితా కూడా తెరిచి చూడండి: మిమ్మల్ని హెచ్చరించబోయిన స్నేహితులను అతను అందులో వేసి ఉండవచ్చు.